పంపు విప్పే ముందు ట్యాంకు చూడండి

మిడుతూరు పక్క ఊళ్ల ఉల్లిగడ్డలు కర్నూలు యార్డుకు చేరాలన్నా, ఆత్మకూరు దాటి దోర్నాల ఘాట్ ఎక్కాలన్నా పాత డీజిల్ పికప్పులనే నమ్ముకున్నవాళ్లు చాలామంది. అలాంటి బండి లోడు మీద లాగకపోయినా, పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోకపోయినా ముందుగా వినపడే మాట ‘పంపు పోయింది’. ఈ మాటను అంత తొందరగా నమ్మకూడదు. ట్యాంకులో బయల్దేరిన డీజిల్ జాలీ, పైపులు, ఫీడ్ పంపు, ఫిల్టరు దాటితేగానీ ఇంజెక్షన్ పంపును చేరదు. ఆ దారిలో ఎక్కడ అడ్డుపడినా, ఎక్కడ గాలి చొరబడినా బండి పంపు చెడినట్టే ప్రవర్తిస్తుంది. విప్పడానికి ఖర్చయ్యేది పంపు. చూడటానికి దాదాపు ఖర్చులేనిది ఈ దారి.

బండి ఎప్పుడు మొండికేస్తోందో చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. పొద్దున మాత్రమే సతాయించి, ఒకసారి అందుకున్నాక రోజంతా బాగా తిరిగితే ఎయిర్ పట్టిందని అనుమానించాలి. రాత్రి పైపులో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. ‘ఎక్కడా కారడం లేదే’ అంటారు. కారదు. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపు డీజిల్‌ను పీల్చుకుంటుంది కాబట్టి, అక్కడి పగులు డీజిల్‌ను బయటికి వదలకుండానే గాలిని లోపలికి లాక్కుంటుంది. పంపుకు ముందు లోపలిది కనిపించే ప్లాస్టిక్ పైపు ముక్క వేసి ఇంజన్ నడిపితే బుడగలు కనిపిస్తాయి. ఎండకు పెళుసెక్కిన రబ్బరు పైపో, తీసి మళ్లీ వేసిన పాత కాపర్ వాషరో కారణం కావచ్చు. చదును రోడ్డు మీద బాగుండి ఎత్తు ఎక్కేటప్పుడే పడిపోతే అది అడ్డు. లోడు మీద డీజిల్ ఎక్కువ కావాలి, సగం మూసుకున్న జాలీ ఇవ్వలేదు. ట్యాంకు మూత వదులు చేయగానే బుస్సుమని గాలి పీల్చుకుని బండి తేరుకుంటే, మూతలోని గాలి రంధ్రం పూడిందన్నమాట. అనుమానం తీరకపోతే బండిని నిలిపి, శుభ్రమైన క్యాన్‌ను కాస్త ఎత్తులో పెట్టి నేరుగా పంపుకు డీజిల్ అందించాలి. అప్పుడు ఇంజన్ చక్కగా నడిస్తే తప్పు పంపుకు వెనక, ట్యాంకు వైపు దారిలోనే ఉంది.

‘పంపు రిపేరు చేయిస్తేనే బాగైంది’ అనేవాళ్ల అనుభవం అబద్ధం కాదు. కానీ పంపు తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషర్లు వేస్తారు, ఫిల్టరు మారుస్తారు, ఎయిర్ తీస్తారు. బాగైంది వాటివల్లేనేమో తేలాలంటే ముందు అవే చేసి చూడాలి. ‘ఫిల్టరు మొన్ననే మార్చాం’ అన్నదీ రుజువు కాదు. ట్యాంకు అడుగున మడ్డి ఉంటే కొత్త ఫిల్టరూ కొద్దిరోజుల్లోనే పూడుతుంది. ఫిల్టరు కింది డ్రెయిన్ వదులుచేసి గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే నీళ్లు అడుగుకు, డీజిల్ పైకి విడిపోతాయి. మరికొందరు 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ పాత పంపులను తినేస్తోందంటారు. సల్ఫర్ 50 పీపీఎం నుంచి 10కి తగ్గిన మాట నిజమే. అయితే పంపుకు కావలసిన జారుడుగుణం ఇంత ఉండాలని ఆ ప్రమాణంలోనే ఉంది.

బుడగల్లేని, శుభ్రమైన డీజిల్ ధారాళంగా అందుతున్నా లాగకపోతే అప్పుడు పంపును, నాజిళ్లను కాలిబ్రేషన్ బెంచీకి పంపడం న్యాయం. ఒక్క జాగ్రత్త. పాత పంపుల మీద ఒక్కో నాజిల్ నట్టు వదులుచేసి ఏ సిలిండర్ మిస్ అవుతోందో చూసే అలవాటు కామన్ రైల్ బండ్ల దగ్గర పనికిరాదు. అక్కడ పీడనం 1,000 బార్ దాటుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా అది వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన గాయం.