కిలోమీటర్లు పోయి వాట్లు వచ్చాయి!

‘సైకిల్ తొక్కడానికి కూడా ట్రైనింగేమిటండీ, తొక్కుతుంటే అదే వస్తుంది’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తమాషా ఏమిటంటే, ఒకప్పుడు యూరప్ రేసర్ల పద్ధతీ దాదాపు అదే. చలికాలమంతా కిలోమీటర్లు పోగేయడం, ఆపైన రేసులే ట్రైనింగ్. బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో సిటీలో ఒక్క గంటలో 49.431 కి.మీ. తొక్కి రికార్డు కొట్టింది ఆ రోజుల్లోనే.

1980లలో ఫిన్లాండ్ కంపెనీ పోలార్ వైర్లు లేని హార్ట్‌రేట్ మీటర్ తెచ్చింది. ఛాతీకి పట్టీ, చేతికి వాచీ. దాంతో ‘ఎంత దూరం?’ అనే ప్రశ్న ‘గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది?’గా మారింది. బ్రిటన్‌లో పీటర్ కీన్ అనే కోచ్ ఇలా శాస్త్రీయంగా తీర్చిదిద్దిన క్రిస్ బోర్డ్‌మన్, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచారు.

గుండెతో ఓ చిక్కుంది. ఎండ మండినా, రాత్రి నిద్ర చాలకపోయినా అంకె మారిపోతుంది. ఆ లోటు తీర్చింది పవర్ మీటర్. 1986లో జర్మన్ ఇంజినీర్ ఉల్రిచ్ షోబెరర్ రూపొందించారు. పెడల్ మీద మనం పెట్టే శక్తిని వాట్లలో చూపిస్తుంది. ఎదురుగాలైనా, ఎత్తయినా 200 వాట్లంటే 200 వాట్లే.

ఇన్ని కొలతలూ వచ్చాక తేలిందేమిటి? రోజూ ఒళ్లు హూనం చేసుకోవడం దండగని! పరిశోధకుడు స్టీఫెన్ సైలర్ మేటి క్రీడాకారుల అలవాట్లు గమనిస్తే, వాళ్ల సాధనలో సుమారు 80 శాతం తేలికైనదే. మిగతాదే గట్టిది.

యాభై దాటి, ఆఫీసు పనుల మధ్య వారానికి ఐదారు గంటలే దొరికే నాలాంటివాడికి ఇది పెద్ద వరం. మెర్క్స్‌లా తొక్కే వీలు నాకెలాగూ లేదు. మూడు రోజులు తీరిగ్గా తొక్కుతాను. ఒక్కరోజు మాత్రం నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు గట్టిగా, మధ్యలో విశ్రాంతితో. ఈ వయసులో మోకాళ్లనీ, గుండెనీ కాపాడుకుంటూ బలం పెంచుకోవాలంటే నాకు కుదిరిన దారి ఇదే.

మీటర్లు కొనక్కర్లేదు. పక్కవాడితో హాయిగా కబుర్లు చెప్పగలిగితే అది తేలిక. రెండు మాటలకే ఆయాసం వస్తే అది గట్టిది. ఆ గట్టిది మొదలెట్టే ముందు, నలభై దాటినవాళ్లు ఓసారి డాక్టర్‌కి చూపించుకోండి. పొద్దున లేవగానే కాళ్లు బరువుగా ఉన్నాయా? ఆ రోజుకి సైకిల్‌ని గోడకే ఆనించండి. విశ్రాంతి కూడా ట్రైనింగే!