ఢిల్లీలో ఓటమి, ఊళ్లో గెలుపు: 1977 ఎన్నికలు – పొరుగు రాష్ట్రాల తెలుగువారు

దేశవ్యాప్తంగా జరిగిన ఎన్నికలలో ఒక పార్టీ ఓడిపోతే ఆ పార్టీ అభిమానులందరూ ఒకే విధంగా కుంగిపోతారని సాధారణంగా భావిస్తాం. ఓటమి ఒక్కటే కావచ్చు గాని, ఆ వార్త అభిమాని చెవిన పడే చోటు మాత్రం ఒక్కటి కాదు. దీనిని వివరించడానికి 1977 లోక్‌సభ ఎన్నికలకు మించిన ఉదాహరణ మాకు కనిపించలేదు. తరతరాలుగా కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోను, యానాంలోను స్థిరపడిన తెలుగువారు ఒకే ఫలితాన్ని వేర్వేరు పరిస్థితులలో అందుకొన్నారు. వారిలో కాంగ్రెసు అభిమానుల సంగతిని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముందుగా ఫలితం. 542 స్థానాలలో కాంగ్రెసుకు దక్కినవి 154. ఉత్తరప్రదేశ్‌లోని 85లో గాని, బీహారులోని 54లో గాని ఒక్కటీ రాలేదు. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ రాజ్‌నారాయణ్ చేతిలో 55 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. అమేథీలో ఆమె కుమారుడు సంజయ్ ఓడిపోయారు. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి కేంద్రంలో అధికారం చేజారడం ఆ పార్టీకి అదే మొదటిసారి. ఓటమిని ఎలా మోయాలో ఆ పార్టీ అభిమానులకు అంతవరకు అలవాటు లేదు.

అయితే ఆంధ్రప్రదేశ్‌లో అదే పార్టీ 42లో 41 గెలిచింది. పోయిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి నెగ్గారు, కొద్ది నెలలకే రాష్ట్రపతి అయ్యారు. కర్ణాటకలో 28లో 26 కాంగ్రెసువే. పోయిన రెండింటిలో ఒకటి బెంగుళూరు దక్షిణం. కోలారు, బళ్లారి ప్రాంతాల తెలుగు కాంగ్రెసు అభిమాని తన నియోజకవర్గంలోను గెలిచాడు, తన రాష్ట్రంలోను గెలిచాడు, తన బంధువులున్న సరిహద్దు అవతల రాష్ట్రంలోను గెలిచాడు. ఓడినది రేడియోలో మాత్రమే!

తమిళనాడులో పరిస్థితి మరికొంత చిత్రమైనది. అక్కడ అన్నా డి.ఎం.కె., కాంగ్రెసు, సి.పి.ఐ. కలిసి పోటీచేసి 39లో 34 గెలుచుకొన్నాయి. యానాం ఓటరు సంగతి ఇంకా వేరు. చుట్టూ ఉన్నది గోదావరి జిల్లా, మాట తెలుగు. ఓటు మాత్రం పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో కలిపి ఉన్న ఒకే ఒక లోక్‌సభ స్థానానికి. 1977లో ఆ స్థానాన్ని గెలిచినది అన్నా డి.ఎం.కె.కు చెందిన బాలా పజనూర్. కాంగ్రెసు పొత్తుతో గెలిచిన ఆయన 1979లో చరణ్‌సింగ్ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. ఓడిన కూటమిలో నిలిచి గెలిచి, ఓడించినవారిలో ఒక వర్గంతో అధికారం పంచుకొన్న సభ్యుణ్ణి తమ ప్రతినిధిగా చూసిన యానాం వాసి, తాను గెలిచినవాడా ఓడినవాడా అని అడిగితే ఏమని చెప్పగలడు?

ఒడిశాలో జనతా పార్టీ 21లో 15 గెలిచింది. కాంగ్రెసుకు మిగిలినవి నాలుగు: బరంపురం, అస్కా, కోరాపుట్, నవరంగపూర్. పటం ముందుంచుకొని చూస్తే ఇవన్నీ రాష్ట్రానికి దక్షిణపు కొసన, ఆంధ్ర సరిహద్దు వైపున, తెలుగువారు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను కలుపుకొని ఉన్నవే. ఇందుకు భాష ఒక్కటే కారణమని మేము అనబోము. గిరిజన జనాభా, స్థానిక నాయకుల పలుకుబడి అక్కడ చాలా బలమైనవి. కాని బరంపురంలోని కాంగ్రెసు అభిమాని కటకం వైపు చూస్తే ఓటమి, శ్రీకాకుళం వైపు చూస్తే గెలుపు కనిపించిన మాట నిజం.

మహారాష్ట్రలో కాంగ్రెసుకు 48లో 20 వచ్చాయి. బొంబాయి నగరంలోని ఆరు స్థానాలూ పోయాయి. సోలాపూర్‌లో మాత్రం కాంగ్రెసే గెలిచింది. కనుక బొంబాయి మిల్లులలో పనిచేసే తెలుగు కార్మికుడు, సోలాపూర్ మగ్గాల మీద నేసే అతని బంధువు ఒకే రాష్ట్రంలో ఉంటూ ఒకే పార్టీని అభిమానించినా, చెరొక ఫలితాన్ని చూశారు.

ఇక్కడ మాటలను గురించి ఒక చిన్న ప్రస్తావన చేయాలి. మరాఠీలో 'పరాభవ' అంటే ఓటమి, అంతే. ఎన్నికలలో ఓడినా, ఆటలో ఓడినా పత్రికలు వాడే మాట అదే. మనకు పరాభవం అంటే నలుగురిలో జరిగిన అవమానం. కన్నడంలో ఓటమిని 'సోలు' అంటారు. ఆ ధ్వని వింటే మనకు గుర్తుకు వచ్చేది సోలిపోవడం, అంటే అలసి వాలిపోవడం. తమిళునికి 'ఓడు' అంటే పరుగెత్తు అని అర్థం. ఈ మాటలకు ఉన్న చుట్టరికాలను నిఘంటుకారులకు వదిలేద్దాం. రెండు భాషలలో బతికేవారికి ఒకే వార్త ఒక భాషలో వట్టి ఫలితంగాను, మరొక భాషలో తలవంపుగాను వినిపించే అవకాశం ఉందని గుర్తిస్తే చాలు.

ఓడిన అభిమాని సాధారణంగా రెండు సమాధానాలలో ఒకదానిని వెతుక్కొంటాడు. ప్రజలు మోసపోయారన్నది ఒకటి. మనవాళ్లే తప్పు చేశారన్నది రెండవది. 1977లో ఉత్తరాదిన ఈ రెండవ సమాధానానికి కావలసినంత ఆధారం ఉంది. అత్యవసర పరిస్థితి కాలపు నిర్బంధ కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు అక్కడ ఎంత కోపాన్ని రగిల్చాయో అందరికీ తెలుసు. దక్షిణాదిన మాత్రం మూడవ సమాధానం ఒకటి సిద్ధంగా ఉంది: వాళ్లు ఓడారు, మనం ఓడలేదు. ఈ సమాధానం దొరికినవాడికి తప్పు ఒప్పుకోవలసిన అవసరం గాని, నాయకత్వాన్ని మార్చవలసిన తొందర గాని ఉండదు. అత్యవసర పరిస్థితిలో జరిగినదానిని తూచి చూసుకొనే పని కూడా అంతటితో వాయిదా పడుతుంది. ఇది మాకు మెచ్చుకోదగినదిగా తోచదు గాని, జరిగినది అదే.

దీనికి పరీక్ష ఎంతో కాలం ఆగలేదు. ఓటమి తరువాత కాంగ్రెసు అధ్యక్షుడైనవారు మన కాసు బ్రహ్మానందరెడ్డి. 1978 జనవరిలో పార్టీ చీలింది. అధికార వర్గం ఆయన వద్ద మిగిలింది. ఇందిరాగాంధీ తన వర్గాన్ని వేరుగా నిలబెట్టారు, దాని గుర్తు హస్తం. ఫిబ్రవరిలో మూడు రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 294 స్థానాలకు ఇందిరా కాంగ్రెసు 175 గెలువగా బ్రహ్మానందరెడ్డి వర్గానికి 30 మాత్రమే వచ్చాయి. ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు ఆ వర్గంలోనే ఉన్నా ఫలితం అదే. కర్ణాటకలో 224కు ఇందిరా కాంగ్రెసుకు 149. ఇక లోక్‌సభ ఎన్నికలలో దెబ్బతిన్న మహారాష్ట్రలోనో? పాత వర్గానికి 69, ఇందిరా వర్గానికి 62. జనతా 99తో ముందు నిలిచింది. ఓటమిని సొంత ఊళ్లో చూసినచోట అభిమానులు రెండుగా చీలారు, చూడనిచోట గుంపుగా ఆమె వెంట నడిచారు. కర్ణాటకలో దేవరాజ్ అర్స్ వెనుకబడిన వర్గాలలో కట్టిన బలం వంటి ఇతర కారణాలను తోసిపుచ్చలేం. అయినా మూడు రాష్ట్రాల అంకెలు ఒకే వైపు చూపుతున్నాయి.

అదే సంవత్సరం నవంబరులో చిక్కమగళూరు ఉప ఎన్నికలో ఆమె 77 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. డిసెంబరు 19న లోక్‌సభ ఆమెను బహిష్కరించి జైలుకు పంపింది. మరునాడే ఇద్దరు అభిమానులు బొమ్మ తుపాకీతో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని దారి మళ్లించి వారణాసిలో దింపి, ఆమెను విడుదల చేయాలని కోరారు. ఓటమిని అంగీకరించలేని మనసు ఎంత దూరం పోగలదో చెప్పడానికి దీనిని ఉదాహరిస్తూ ఉంటారు. కాని ఆ ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌వారు. ఒక్క స్థానం కూడా మిగలని రాష్ట్రంవారు. దక్షిణాదివారికి అలాంటి సాహసంతో పనిలేదు. వారికి ఓటు పెట్టె చాలింది. 1980 జనవరిలో మెదక్ నుంచి, రాయ్‌బరేలీ నుంచి గెలిచిన ఇందిరాగాంధీ మెదక్‌నే ఉంచుకొన్నారు.

పన్నెండేళ్ల తరువాత, 1989లో, ఇదే బొమ్మను తిరగేసి చూసే అవకాశం వచ్చింది. నేషనల్ ఫ్రంట్ అధ్యక్షుడు ఎన్.టి. రామారావు. ఆ ఫ్రంట్ తరఫున వి.పి. సింగ్ ప్రధానమంత్రి అయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం తెలుగుదేశానికి 42లో 2 స్థానాలే దక్కాయి, శాసనసభ కూడా చేజారింది. ఢిల్లీలో గెలిచి ఊళ్లో ఓడిన తెలుగుదేశం అభిమానికి ఆ గెలుపు పెద్దగా ఊరట ఇవ్వలేదనే చెప్పాలి. ఆ ఎన్నికలలోనే ఒడిశాలో కాంగ్రెసు మళ్లీ ఊడ్చుకుపోయింది. 21లో మిగిలినవి మూడు. అవి బరంపురం, కోరాపుట్, నవరంగపూర్.