లైటు వెలిగేదాకా ఆగాలా?

పొయ్యి మీద కుక్కరు పెట్టి, విజిల్ వచ్చేదాకా మనమేం పట్టించుకోకుండా ఉండం. లోపల చప్పుడు మారిందంటే చాలు, చెయ్యి మంట తగ్గించడానికి వెళుతుంది. మరి రోజూ నడిపే బండి ఎంత వేడెక్కిందో తెలుసుకోవడానికి మాత్రం ఎర్రలైటు వెలిగేదాకా ఎందుకు ఆగాలి?

గాలి తగిలి చల్లబడే ఇంజన్లకు ఈ బెడద లేదు. మన ఇళ్ళలోని స్కూటర్లు, చిన్న బండ్లు ఎక్కువగా ఆ రకమే. కానీ 2008లో వచ్చిన యమహా ఆర్15, 2021లో వచ్చిన ఏరాక్స్ 155 స్కూటరు లాంటివాటిలో ఇంజన్ని చల్లబరిచేది కూలెంటు. నీళ్ళు, ఇథిలీన్ గ్లైకాల్ కలిసిన ద్రవం అది. ఇంజన్ చుట్టూ తిరిగి వేడిని లాక్కుని, రేడియేటర్లో చల్లారి మళ్ళీ వెనక్కి వెళుతుంది. రేడియేటరు మూత అచ్చం కుక్కరు వెయిట్ లాంటిదే. లోపల ఒత్తిడి పెంచి, నూరు డిగ్రీలు దాటినా ద్రవం మరగకుండా చూస్తుంది.

కొన్ని బండ్లలో ఈ వేడిని చూపే గీతలుంటాయి. మరికొన్నింటిలో వేడి మితిమీరితే వెలిగే లైటొక్కటే దిక్కు. చిక్కంతా అక్కడే! ఫ్యాను పాడైందనుకోండి. ఖాళీ రోడ్డు మీద గాలి తగులుతుంది కాబట్టి ఏమీ తెలీదు. మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం వేడి చకచకా ఎక్కేస్తుంది. లైటు వెలిగాక కూడా అలాగే నడిపితే హెడ్ గాస్కెట్ కాలిపోవచ్చు, సిలిండర్ హెడ్ వంగిపోవచ్చు. ఆ రిపేరు ఖర్చు ముందు మీటరు ఖరీదు ఏ మూలకి?

నా బండికి మీటరు పెడతానంటే, "లైటుందిగా మేడమ్, ఇంకెందుకూ?" అన్నాడు మెకానిక్. సరేనని పానా పట్టుకుని నేనే కూర్చున్నాను. మీరూ చేసుకోవచ్చు.

ముందు పరీక్ష

మీటరు, సెన్సరు, గొట్టం మధ్యలో పెట్టే లోహపు జాయింటు, క్లిప్పులు కలిపి అమ్ముతారు. కొనేముందు మీ బండి రబ్బరు గొట్టం లోపలి కొలత తెలుసుకోండి. జాయింటు వదులైతే కారుతుంది. బిగించకముందే మీటరుకి కరెంటిచ్చి, సెన్సరు కొసని మరిగే నీళ్ళలో ముంచండి. విశాఖలో అయితే 100, ఎత్తున ఉన్న హైదరాబాదులో అయితే 98 దగ్గర చూపాలి. వంటకి వాడని గిన్నె తీసుకోండేం!

బిగించడం ఇలా

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. వేడి మీద రేడియేటరు మూత తీస్తే కూలెంటు మొహం మీదకి చిమ్ముతుంది. పాత కూలెంటుని డబ్బాలోకి వంపండి. తియ్యగా ఉండే విషం అది. పిల్లలు, కుక్కలు దాని జోలికి పోకుండా చూసుకోండి.

ఇంజన్ నుంచి రేడియేటర్‌కి వేడి ద్రవం తెచ్చే గొట్టాన్ని కోసి, మధ్యలో జాయింటు పెట్టి రెండువైపులా క్లిప్పులు బిగించాలి. విడిగా ఇంకో గొట్టం కొని దాన్ని కోస్తే పాతది భద్రంగా ఉంటుంది. వారంటీ ఉన్న బండైతే ముందే షోరూములో అడగండి.

రబ్బరు గొట్టం మధ్యలో ఉంటుంది కాబట్టి జాయింటుకి ఎర్త్ అందదు. సెన్సర్‌కి ఒకటే వైరుంటే, జాయింటు నుంచి ఫ్రేముకి ఇంకో వైరు కలపాల్సిందే. మీటరుకి కరెంటు తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి, చిన్న ఫ్యూజు వేసి తీసుకోండి. నేరుగా బ్యాటరీకి కలిపితే రాత్రంతా వెలిగి, పొద్దున్నే బండి మొరాయిస్తుంది. హ్యాండిల్‌ని రెండువైపులా పూర్తిగా తిప్పి, వైర్లు లాగినట్లవుతున్నాయేమో చూడండి.

కొత్త కూలెంటు పోసి, మూత తీసే ఉంచి, బండిని కాసేపు స్టార్టు చేయండి. బుడగలన్నీ పోయాక నింపి మూతపెట్టండి. బోరునీళ్ళు మాత్రం వద్దు. బక్కెట్ అడుగున కట్టే తెల్లటి ఉప్పే రేడియేటర్లోనూ కడుతుంది. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు క్లిప్పులు మరోసారి బిగించి, ఎక్కడైనా తడి ఉందేమో చూసుకోండి.

అంకె ఏం చెబుతుంది?

స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లో అంకె కదలకపోతే కంగారొద్దు. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా వేడి ద్రవం ఆ గొట్టంలోకి రాదు. సాగిపోయే దారిలో 80, 90 మధ్య ఉండి, సిగ్నల్ దగ్గర 100 చేరి, ఫ్యాను తిరగ్గానే దిగివస్తే చాలా బండ్లకి అది మామూలే. ఫ్యాను తిరక్కుండా 110 దాటుతోందా... వెంటనే పక్కకి ఆపి ఇంజన్ కట్టేయండి. పూర్తిగా చల్లారేవరకూ మూత ముట్టుకోవద్దు.

ఇంకోమాట. బాగా వేడెక్కిన బండిలో అంకె ఉన్నట్టుండి పడిపోతే, చల్లబడిందిలే అని నిశ్చింతగా ఉండకండి. వైరు తెగి ఉండొచ్చు. కూలెంటు కారిపోయి, సెన్సర్‌కి గాలే తగులుతూ ఉండొచ్చు. అప్పుడూ ఆపాల్సిందే.

వారం రోజులు గమనిస్తే మీ బండి మామూలు అంకె ఎంతో మీకే కంఠతా వచ్చేస్తుంది. అప్పట్నుంచి అది అయిదు డిగ్రీలు ఎక్కువ చూపినా ఇట్టే పసిగడతారు. మెకానిక్ దగ్గరికి వెళ్ళినా "ఎందుకో వేడెక్కుతోంది" అనరు... "ట్రాఫిక్‌లో 108 దాకా పోతోంది, ఫ్యాను తిరగడం లేదు, చూడు" అంటారు. అలా అడిగితే అవసరంలేని రిపేర్లు అంటగట్టడం అంత తేలిక కాదు మరి!