చిగుళ్ల రక్షణ - దేహ రక్షణ

ప్రాతఃకాలంలో దంతధావనం చేయనిదే ఏ పనికీ ఉపక్రమించకపోవడం మన సదాచారం. రోజుకు రెండు వేళలా, చేదు, వగరు, కారం రుచులు గల పుల్లతో, చిగుళ్లకు బాధ కలుగకుండా పళ్లు తోముకోవాలని చరకసంహిత ఉపదేశించింది. నేటి దంతవైద్యులు చెప్పేదీ ఇదే. పళ్ల ఆరోగ్యమే కాక దేహారోగ్యం కూడా కొంతవరకు చిగుళ్లపై ఆధారపడి ఉన్నది.

పళ్ల మొదళ్లలో సూక్ష్మజీవులతో కూడిన పాచి నిత్యం పేరుకొంటుంది. దానిని తొలగించకపోతే గట్టిపడి గారగా మారుతుంది. అప్పుడు చిగుళ్లు వాచి, పళ్లు తోముకునేటప్పుడు రక్తం కారుతుంది. నొప్పి ఉండదు గనుక చాలామంది ఉపేక్షిస్తారు. కొందరు రక్తానికి భయపడి తోముకోవడమే తగ్గిస్తారు. ఫలితంగా వ్యాధి ముదిరి, పంటిని పట్టి ఉంచే ఎముక క్షీణిస్తుంది. గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ. పళ్లను కదిలించేది వ్యాధియే గాని చికిత్స కాదు.

మధుమేహం గలవారికి చిగుళ్ల వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ. ఆ వ్యాధి ఉన్నంతకాలం రక్తంలోని చక్కెర అదుపులోకి రావడమూ కష్టమే. చిగుళ్లకు చికిత్స చేయిస్తే చక్కెర అదుపు కొంత మెరుగవుతుంది. కృత్రిమ హృదయ కవాటం గలవారు మరింత జాగ్రత్త వహించాలి. నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించి కవాటాన్ని ఆశ్రయిస్తే ప్రాణాపాయం కలుగవచ్చు. కనుక పన్ను తీయించుకునే ముందే ఈ విషయం దంతవైద్యునికి తప్పక తెలియజేయాలి. అవసరమైన మందును ఆయన ముందుగానే ఇస్తారు.

ఆచరించవలసినవి స్వల్పమే. ఉదయం, రాత్రి నిద్రకు ముందు మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడ్ గల పేస్టుతో 2 నిమిషాలు తోముకోవాలి. బ్రష్షును 3 నెలలకొకసారి మార్చాలి. తీపి ప్రసాదం స్వీకరించిన పిదప నీటితో నోరు పుక్కిలించాలి. కట్టుడు పళ్లు గల పెద్దలు రాత్రివేళ వాటిని తీసి శుభ్రపరచుకోవాలి. యాత్రాకాలంలోనూ ఈ నియమాలు విడువరాదు. పొగాకు, గుట్కాలను పూర్తిగా విడిచిపెట్టాలి. నోటిలో పుండు 2 వారాలు దాటినా మానకపోతే ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి.

చిగుళ్లలో కనిపించే రక్తం దేహం ముందుగా చేసే హెచ్చరిక. పాఠకులు నేడే తమ చిగుళ్లను, ఇంటిలోని పెద్దల చిగుళ్లను ఒకసారి పరిశీలించుకొందురు గాక.