లక్ష డాలర్లు.. ఒకే స్టేషన్!

'ప్రాజెక్టు చేద్దామంటే డబ్బుల్లేవు' అని ఆగిపోయారా? అయితే 1976లో వచ్చిన 'అసాల్ట్ ఆన్ ప్రీసింక్ట్ 13' సినిమా సంగతి వినండి. మూతపడబోతున్న ఓ పోలీస్ స్టేషన్. బయట చుట్టుముట్టిన ముఠా. లోపల చిక్కుకున్న కొద్దిమంది. బడ్జెట్ సుమారు లక్ష డాలర్లే. హాలీవుడ్‌లో అది చిల్లర కింద లెక్క. అందుకే జాన్ కార్పెంటర్ కథను చాలావరకు ఒకే భవనంలో, ఒకే రాత్రిలో నడిపాడు. రచన, దర్శకత్వం, సంగీతం, ఎడిటింగ్ అన్నీ తనే చూసుకున్నాడు. 1977 లండన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో సినిమాకు మంచి పేరొచ్చింది. మరుసటి ఏడాది 'హాలోవీన్'తో పెద్ద హిట్ కొట్టాడు.

మీరూ ఉన్న ల్యాప్‌టాప్‌తో అయ్యే చిన్న ప్రాజెక్టు ఎంచుకోండి. మధ్యలో వదలకుండా పూర్తిచేసి, రెజ్యుమెలో పెట్టండి. ఇంటర్వ్యూలో 'ఇందులో మీరేం చేశారు?' అని అడిగితే తడుముకోవాల్సిన పనుండదు.