జలాశయ తీరాల కోత – ఆదివాసుల సమాధిస్థలాల పరిరక్షణ: నాగార్జునసాగర్ నుంచి పోలవరం వరకు

వ్యాససంగ్రహం:
జలాశయాల వల్ల సమాధిస్థలాలకు కలిగే నష్టాన్ని సాధారణంగా 'మునక' అనే ఒక్క మాటతో చెబుతారు. మునక ఒకసారి జరిగేది. నీరు ఎక్కి దిగే తీరంలో కోత మాత్రం ఏటా జరుగుతుంది. కృష్ణా, గోదావరి జలాశయాలను ఆధారం చేసుకొని ఈ కోత స్వభావాన్ని, సమాధుల రక్షణలో చట్టాల పరిధిని, ఆదివాసీ గ్రామసభల పాత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బృహత్‌శిలాయుగం, సమాధిస్థలాలు, తీరకోత, కోయలు, పోలవరం, గ్రామసభ.

1. ఉపోద్ఘాతం:
తెలుగు నేలపై బృహత్‌శిలాయుగపు సమాధులు విస్తారంగా కనిపిస్తాయి. గుండ్రంగా పేర్చిన బండరాళ్లు, రాతిపలకలతో కట్టిన గదులు, నిలువురాళ్లు వీటి గుర్తులు. జనవ్యవహారంలో వీటిని రాకాసిగుళ్లు, పాండవగుళ్లు అంటారు. ఇటువంటి స్థలాలు చాలావరకు నీటివనరులకు చేరువలో ఉన్నాయి. అందువల్ల నదులపై ఆనకట్టలు కట్టినప్పుడు మొదట ప్రమాదంలో పడే చారిత్రక అవశేషాల్లో ఇవి కూడా చేరాయి.

2. మునక – కోత:
ప్రతి జలాశయానికి పూర్తిస్థాయి నీటిమట్టం, కనీస నీటిమట్టం అని రెండు హద్దులుంటాయి. నాగార్జునసాగర్‌లో ఇవి 590, 510 అడుగులు. శ్రీశైలంలో 885, 854 అడుగులు. పోలవరంలో 45.72, 41.15 మీటర్లు, అంటే సుమారు 150, 135 అడుగులు. ఈ రెండు హద్దుల మధ్య ఉన్న నేల వానకాలంలో నీటిలోనూ, వేసవిలో ఎండలోనూ ఉంటుంది. సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరాలయం ఏటా మునిగి, నీరు తగ్గగానే మళ్లీ బయటపడటం ఈ స్థితికి అందరికీ తెలిసిన ఉదాహరణ.

రాతిగుడి కొంతకాలం తట్టుకోగలదు. మట్టిలోని సమాధికి ఆ శక్తి లేదు. గాలికి లేచే అలలు గట్టు అడుగును తొలుస్తాయి. నీటిమట్టం వేగంగా తగ్గినప్పుడు నేలలో నిలిచిన నీరు బయటికి వస్తూ మట్టిని జార్చుతుంది. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు పగుళ్లిస్తుంది. సమాధిపై కప్పిన మట్టి కొట్టుకుపోగానే వలయంలోని రాళ్లు ఒరుగుతాయి, గది పలకలు విడిపోతాయి. తడి, పొడి మారిమారి తగిలిన ఎముకలు పొడిపొడిగా రాలిపోతాయి. లోతైన నీటి అడుగున కదలకుండా ఉన్న సమాధి కంటే అంచున ఉన్న సమాధి త్వరగా నశించడానికి కారణం ఇదే. నీరు తగ్గిన నేలలో సాగు, గుప్తనిధుల కోసం తవ్వకాలు ఆ నష్టాన్ని పెంచుతాయి.

3. నాగార్జునకొండ అనుభవం:
నాగార్జునకొండ లోయలోని అవశేషాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. సాగర్ నిర్మాణం ఖాయమయ్యాక 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. ఇక్ష్వాకుల విజయపురితో పాటు బృహత్‌శిలాయుగపు సమాధులూ బయటపడ్డాయి. ఎంపిక చేసిన కట్టడాలను కొండపైన, అనుపు వద్ద పునర్నిర్మించారు. ఎదుటి గట్టున ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు చేపట్టింది. వాటిపై మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ నివేదిక 1963లో వెలువడింది.

'తవ్వు, నమోదు చేయి, తరలించు' అన్నది ఈ పద్ధతి సారాంశం. దాని వల్ల అపారమైన చరిత్ర దక్కింది. అయితే అది సమాధిని ఆధారంగా చూసింది. ఫలానావారు తమ పెద్దలని చెప్పుకునే వారసులు ఆ సమాధులకు లేకపోవడం వల్ల వేరే ప్రశ్న తలెత్తలేదు.

4. గోదావరి తీరం – వారసులున్న సమాధులు:
గోదావరి తీరంలో పరిస్థితి వేరు. పోలవరం ముంపు ప్రాంతమైన వేలేరుపాడు మండలంలోని రుద్రమ్‌కోటలో బృహత్‌శిలాయుగపు సమాధులు బయటపడ్డాయి. అదే ప్రాంతంలో కోయలు, కొండరెడ్లు నేటికీ నివసిస్తున్నారు. చనిపోయినవారి పేరిట రాయి నిలిపి, పెద్దలను తలచుకొనే ఆచారం కోయల్లో ఉంది. పురావస్తు శాస్త్రం ప్రాచీనంగా గుర్తించే నిలువురాయి ఇక్కడ కుటుంబ జ్ఞాపకం. పునరావాస కాలనీకి వెళ్లిన కుటుంబం ఇంటిని కొత్తగా కట్టుకోగలదు. తాత పేరిట నిలిపిన రాయి మాత్రం పాత ఊరి గట్టునే ఉండిపోతుంది.

5. చట్టాల పరిధి:
1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం రక్షణకు కనీసం 100 ఏళ్ల వయసును ప్రమాణంగా తీసుకుంటుంది. ఈ లెక్కన మూడువేల ఏళ్ల రాతివలయం ప్రాచీనం, అరవై ఏళ్ల కోయరాయి కాదు. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలు పునరావాస గ్రామంలో శ్మశానవాటిక ఏర్పాటు చేయాలని చెబుతుంది. ఇది రాబోయే మరణాలకు స్థలం చూపే నిబంధన. పాత శ్మశానంలో ఉన్నవారి సంగతి అందులో లేదు. ఈ ఖాళీని పూరించే ఆధారం 1996 పెసా చట్టంలో దొరుకుతుంది. సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక అస్తిత్వాన్ని కాపాడుకొనే సామర్థ్యం గ్రామసభకు ఉందని అది గుర్తించింది.

6. లేక్ విక్టోరియా – ఒక పోలిక:
ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో లేక్ విక్టోరియా సహజమైన సరస్సు. 1920లలో దానిని ముర్రే నది జలాశయంగా మార్చారు. 1994లో నీటిమట్టం తగ్గించినప్పుడు తీరమంతటా ఆదివాసుల సమాధులు బయటపడ్డాయి. వాటిని తవ్వి తరలించలేదు. బార్కిన్‌జీ, మరౌరా సముదాయాల పెద్దలతో సంప్రదించి ఉన్నచోటే ఇసుకతో కప్పారు, గడ్డిజాతి మొక్కలు పెంచారు. ఆ మొక్కలు నిలదొక్కుకోవడానికి అనువుగా నీటి నిర్వహణను కూడా సవరించారు. సమాధిని నీటికి తగ్గట్టు కదిలించడానికి బదులు, నీటిని సమాధికి తగ్గట్టు నడపడం ఇందులోని విశేషం.

7. ముగింపు:
తెలుగు నదీతీరాలకు ఈ అనుభవాన్ని యథాతథంగా అన్వయించడం సాధ్యం కాదు. సాగునీరు, విద్యుత్తు అవసరాలు ఇక్కడ నీటిమట్టాన్ని శాసిస్తాయి. అయినా కొన్ని పనులు సాధ్యమే. కనీస, పూర్తిస్థాయి మట్టాల మధ్య ఉన్న సమాధిస్థలాలను వేరుగా పటంలో గుర్తించాలి. నీరు తగ్గిన నెలల్లో ఏటా పరిశీలించాలి. తవ్వడానికి ముందు కప్పి కాపాడే అవకాశం చూడాలి. కోత తీవ్రంగా ఉన్న గట్టుకు రాతి రివిట్‌మెంట్, మెత్తటి వాలుకు వట్టివేరు వంటి మొక్కలు అనువైనవి. పోలవరంలో ఇవన్నీ నీరు పూర్తిస్థాయికి చేరకముందే జరగాలి. ఏ రాయి ఎవరిదో, దానిని అక్కడే ఉంచాలో, ఆచారం ప్రకారం వెంట తీసుకెళ్లాలో గ్రామసభ నిర్ణయించాలి. ఈ వివరం చెప్పగల పెద్దలు పునరావాస కాలనీలకు చెదిరిపోతున్నారు. గట్టు కోతతో పాటు ఆ జ్ఞాపకం కూడా కోతకు గురవుతున్నది కనుక, మౌఖిక చరిత్రను సేకరించే తెలుగు, జానపద, చరిత్ర పరిశోధకులకు ఇది తక్షణ కర్తవ్యం.