చేతి గడియారానికి కొత్త సెల్లు

వాచీ ఆగిపోగానే "ఓస్, సెల్లేగా" అంటూ కూరగాయల కత్తి అందుకునే అక్కయ్యల్లో నేనూ ఒకదాన్ని. మావారి వాచీ మూత అలాగే ఊడదీశాను. సెల్లు మార్చాను, ముళ్లూ కదిలాయి. తీరా తొలకరి వానలో తడిసేసరికి అద్దం లోపల ఆవిరి! మూత చుట్టూ ఉండే సన్నని రబ్బరు రింగు కత్తికి తెగిపోయిందని అప్పుడుగాని తెలియలేదు. అంచేత, నీళ్లకు తట్టుకునే వాచీ అయితే దుకాణానికే ఇవ్వండి. రింగు కూడా చూడమని అడగండి.

నొక్కితే బిగుసుకునే మూత ఉన్న మామూలు వాచీకైతే మనమే మార్చుకోవచ్చు. పాత సెల్లు మీది నంబరు చూసి అదే తేవాలి. చాలా వాచీల్లో ఉండేది 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్లు. అదే సైజులో చౌకగా దొరికే ఆల్కలైన్ సెల్లు త్వరగా అయిపోతుంది, కారే భయమూ ఎక్కువే. ఇనుప శ్రావణంతో సెల్లును రెండు వైపులా పట్టుకోకండి, షార్టవుతుంది. ఆగిన వాచీలో పాత సెల్లు నెలల తరబడి వదిలేసినా కారి లోపల తుప్పు పడుతుంది.

తీసిన సెల్లు బల్ల మీద పెట్టి మరిచిపోతారేమో, జాగ్రత్త! పసివాళ్లు మింగితే, గొంతులో ఇరుక్కుని 2 గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా చాలు, కక్కించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నంబరున్న అట్ట ఉంటే అదీ వెంట తీసుకెళ్లండి.